ముప్పై ఏడో నంబరు పీట

పదిహేడు రోజులుగా కుసుమకుమారి జీడిపిక్క ముట్టుకోలేదు.

ఇరవై ఏళ్లలో ఇంత పొడుగు సెలవు ఆమె ఎన్నడూ పెట్టలేదు. మొగుడు పోయినప్పుడు కూడా పదమూడో రోజున ఫేక్టరీకి వెళ్లి పీట మీద కూర్చుంది. అలాంటిది ఇప్పుడు కాశీబుగ్గ మెయిన్ రోడ్డులో ధనరాజ్ ఇంటర్నెట్ షాపులో ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని, కుడిచేతి బొటనవేలిని చీర కొంగుతో తుడిచిందే తుడుస్తోంది.

ధనరాజ్ నల్లటి చిన్న పెట్టెకి వైరు గుచ్చి ఆమె ముందుకు తోశాడు. ఆధార్ వేలిముద్రలు తీసే పెట్టె అది.

"గట్టిగా నొక్కకండి. పసిపిల్ల బుగ్గ మీద ఏలెట్టినట్టు పెట్టండి."

ఆమె ఊపిరి బిగబట్టి వేలు పెట్టింది. పెట్టెలో ఎర్రదీపం వెలిగింది. ఒక్క క్షణం అలాగే ఉంది. తర్వాత పచ్చగా మారింది.

"పడింది," అన్నాడు ధనరాజ్. "రెండోది పెట్టండి."

రెండోది పడింది. మూడోది పడింది. చిటికెన వేలు రెండోసారికి పడింది. ధనరాజ్ కుర్చీలో వెనక్కి వాలి స్క్రీను ఆమె వైపు తిప్పాడు. బూడిదరంగు మచ్చలో సన్నని గీతలు, చేప పొలుసుల్లా వంపులు తిరిగి ఉన్నాయి.

"నావేనా?"

"మీవి గాక మా మావవా? పదిహేడు రోజుల కిందట సిమెంటు పూసిన గోడలాగుండేవి మీ ఏళ్లు. ఇప్పుడు సూడండి, పెళ్లికూతురి ఏళ్లలాగున్నాయి."

ఆ రోజు సంగతి ఆమె మరిచిపోలేదు. అమెరికా నుంచి ఇంటర్వ్యూ కాగితం వచ్చిన మర్నాడది. అక్కడున్న అప్ప రాజకుమారి చెల్లెలి పేర పిటిషను వేసినప్పుడు తన కూతురు శైలజకి ఏడాది. ఆ పిటిషనుకి ఇన్నాళ్లకి నంబరు వచ్చింది. ఫారాలు నింపుతూ నింపుతూ ధనరాజ్ ఏదో అనుమానం వచ్చి ఆమె వేళ్లు పెట్టించాడు. పదిలో ఒక్కటీ పడలేదు. జీడిరసం ఇరవై ఏళ్లుగా తినేసిన చర్మం అది.

అప్పుడే లెక్కలన్నీ వేసి చెప్పాడు. ఆగస్టు పద్నాలుగుకి శైలజకి ఇరవై ఒకటి నిండుతాయి. ఆ లోగా పిల్ల అమెరికాలో దిగాలి. హైదరాబాదులో మెడికల్, వేలిముద్రలు. ఆరు రోజుల తర్వాత ముంబయిలో ఇంటర్వ్యూ. ఈ మధ్యలో ఏ ఒక్కటి ఆగినా, ముద్రలు పడలేదని తేదీ వాయిదా వేసినా, పిల్ల పేరు కాగితంలోంచి పోతుంది. "మీకు వస్తాది వీసా. మీ గుంటకి రాదు" అన్నాడు.

ఆ సాయంత్రం నుంచే ఆమె చేతులు కట్టేసుకుంది. పిక్కలు లేవు, అంట్లు లేవు, బట్టల సబ్బు లేదు. పొద్దున్నా సాయంత్రం గోరువెచ్చని నీళ్లలో పావుగంట, ఆ పైన కొబ్బరినూనె.

"ఇంకేటీ బెంగ నేదు," అన్నాడు ధనరాజ్ పెట్టె వైరు పీకుతూ. "శైలజవి ఓసారి సూద్దునా?"

"దానివెందుకు బాబూ? అది పెన్ను తప్ప ఏటీ పట్టుకోనేదు."

* * *

ఇంట్లో చాప మీద కాగితాలన్నీ పరిచి శైలజ వరసలో పెడుతోంది. పుట్టిన తేదీ పత్రాలు రెండు, తండ్రి మరణ పత్రం, పెళ్లి పత్రం, పాస్‌పోర్టు ఆఫీసు వాళ్లిచ్చిన పోలీసు సర్టిఫికెట్లు, చెవులు కనపడేలా తీయించిన చదరం ఫోటోలు. ఒక్కొక్కదానికీ రెండేసి జిరాక్సులు.

"టీకాల కార్డేది?" అంది కుసుమకుమారి.

"ఆస్పత్రిలో నేదన్నారమా. ఆళ్లే మళ్లీ పొడుస్తార్లే, రెండు చేతులకీ."

"పొడవనీ. నువ్వు తిను ముందు."

శైలజ కంచం దగ్గరికి లాక్కుని స్పూను తీసుకుంది. పది పన్నెండు రోజులుగా ఇదే వరస. పులుసన్నం కూడా స్పూనుతోనే. కుసుమకుమారి చూసి నవ్వుకుంది.

"అక్కడికెళ్లకముందే నీకు అమెరికా వచ్చీసింది."

"అలవాటవ్వాలి గదమా."

"ఆ గోరింటాకేటే? ముందు మొన్నటిదే పోనేదు, మళ్లీ ఎట్టీసుకున్నావు."

శైలజ ఎడమచెయ్యి ఒళ్లోకి తీసుకుంది. పది వేళ్ల కొసలకీ గోరింటాకు టోపీలు, ముదురు ఎరుపు, ఇంచుమించు నలుపు.

"ఆషాడం గదా. అక్కడ దొరుకుద్దా మరి?"

అదీ నిజమే అనిపించింది. పదిహేడు రోజుల్లో ఈ పిల్ల ఇంట్లో ఒక్క పనీ ముట్టనివ్వలేదు. చీకటితో లేచి వంట చేసి, ఆరున్నరకల్లా కంప్యూటర్ క్లాసని బయల్దేరుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి వచ్చి అంట్లు తోముతుంది. డిగ్రీ పరీక్షలు రాసేసిన పిల్లలు ఈ ఎండల్లో పడుకుంటుంటే తన కూతురు ఇంకో కోర్సు నేర్చుకుంటోందని ఫేక్టరీలో పక్క పీట గురమ్మకి రెండుసార్లు ఫోను చేసి చెప్పుకుంది.

అప్పుడే రాజకుమారి ఫోను వచ్చింది. కూతురు స్పీకరు పెట్టింది.

"ఫారంలో ఏం పనని రాయించేవే?"

"నువ్వు సెప్పినట్టే అప్పా. గృహిణి అని."

"అదే ఉంచు. ఎవరడిగినా అదే సెప్పు. ఫేక్టరీలో పిక్కలు కొడతన్నానన్నావనుకో, ఇక్కడికొచ్చి ఎవరి మీదో పడతారనుకుంటారు. ఒక దగ్గర ఒకటి, ఒక దగ్గర ఒకటి సెప్తే సంపేస్తారు."

"సెప్పనప్పా."

ఫోను పెట్టేశాక ఫారం జిరాక్సులో ఆ గడిని వేలితో వెతికి చూసుకుంది. ఇంగ్లీషు అక్షరాలు. శైలజ గడిలో విద్యార్థిని అని ఉందట. రెండూ బాగానే ఉన్నాయి. మర్యాదగా ఉన్నాయి.

* * *

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి ఫేక్టరీకి వెళ్లింది. ముంబయి నుంచి తిరిగొచ్చేవరకూ ఇంకో పది రోజులు సెలవు కావాలని చెప్పాలి. ఇరవై రోజులు దాటితే పీట వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. అది అక్కడి పద్ధతి. మేస్త్రీ కూర్మయ్య ఆమెకి వరసకి బావ, కానీ పీటల దగ్గర బావా లేదు, మావా లేదు.

గేటు దాటగానే ఉడికిన పిక్కల వేడి మొహాన కొట్టింది. షెడ్డులో రెండు వరసలు. ప్రతి పీట ముందూ ఓ కట్టరు. కాలితో తొక్కితే కత్తి పిక్క పెంకుని రెండుగా చీలుస్తుంది. సూదిమొన చాకుతో లోపలి పప్పుని తీయాలి. పప్పు విరగకుండా గుండుగా వస్తే ఒక రేటు, బద్దయితే ఇంకో రేటు. పెంకులోంచి కారే రసం వేళ్లని కాలుస్తుంది. ముద్దగా చేసిన బూడిదా ఆముదమూ రాసుకుని కూర్చోవాలి. గ్లవ్సు ఇస్తారు. వేసుకుంటే పప్పు చేతికి తెలియదు, విరుగుతుంది. అందుకని ఎవరూ వేసుకోరు.

కుసుమకుమారి పీట ముప్పై ఏడు. గోడ పక్క, ఫ్యాను కింద. ఆ చోటు దొరకడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

పీట మీద ఎవరూ లేరు. కానీ కట్టరు కింద పెంకుల గుట్ట తడిగా ఉంది. ఆ రోజువే. ట్రేలో పప్పులు చూసింది. సగానికి సగం బద్దలు. చాకు గాట్లు పడినవి, నలిగినవి.

ఒక బద్దని తీసి చూసి మళ్లీ ట్రేలో పడేసింది.

పక్క పీట మీద గురమ్మ తల ఎత్తకుండా కట్టరు తొక్కుతోంది.

"ఎవరినో కూకోబెట్టేసేరు," అంది కుసుమకుమారి.

"పూటాపని. మజ్జాన్నం వరకే."

"ఇరవై రోజులు ఇంకా అవనేదు. నాకొక మాట సెప్పాలా వద్దా? ఏ ఊరి గుంట?"

"ఇక్కడి గుంటే." గురమ్మ చాకు మొనని చీరకి తుడిచింది. అవసరానికంటే ఎక్కువసేపు తుడిచింది. "మంచి గుంట. నేర్సుకుంటాదిలే."

కుసుమకుమారి పీట కిందికి వంగి తన రేకుడబ్బా తీసింది. బూడిద అంచుల్లో గట్టిపడి ఉంది. మధ్యలో రెండు వేళ్లు ముంచిన గుర్తులు, అంతే.

"దీనికి బూడిద రాసుకోడం కూడా తెలీదు. ఇంత పల్చగా రాస్తే ఆగుద్దా? గోళ్ల మూలల్లో కూరాల. గంటకోసారి కడిగి మళ్లీ రాయాల. నేకపోతే పది రోజుల్లో ఏళ్లు పేలిపోతాయి. సెప్పవే గురమ్మా, పక్కనే కూకుంటావు గదా."

"సెప్తాను."

"కోపంతో అన్నానని సెప్పకు."

"సెప్పను," అంది గురమ్మ. ఈసారి ఆమె మొహంలోకి చూసింది. ఏదో అనబోయి, కట్టరు తొక్కింది.

కూర్మయ్య తూకం దగ్గర పుస్తకం రాసుకుంటున్నాడు. పది రోజులు మాట ఎత్తగానే చెయ్యి ఊపాడు.

"వెళ్లిరా. నీ పీట ఎక్కడికీ పోదు."

"పోయిందిగా బావా. సూసేను."

"ఏటి సూసేవు? ముప్పై ఏడు నీ పేరు మీదే ఉన్నాది. హాజరు నీ పేరు మీదే పడతన్నాది." అని ఆగాడు. "ఏటే అలా సూస్తావు? సంతోషంగా వెళ్లు. విమానమెక్కేవాళ్లకి మా పీటలెందుకు?"

తిరిగి వస్తూ రైలు గేటు దగ్గర ఆగాల్సి వచ్చింది. గూడ్సు బండి పోతున్నంతసేపూ ఆమె అదే ఆలోచించింది. తన పేరు మీద హాజరు వేసి ఎవరి పిల్లకో పని ఇచ్చాడు. తనొచ్చి అడిగితే అప్పుడు చూసుకుందామనుకున్నాడు. ఇరవై ఏళ్లకి దక్కిన మర్యాద ఇది. ఇంట్లో ఆ సంగతి ఎత్తలేదు. శైలజ ఫైలులో ప్లాస్టిక్ కవర్లు సర్దుతోంది. ప్రయాణం ముందు పిల్ల మనసు పాడుచేయడమెందుకు.

* * *

మర్నాటి సాయంత్రం పలాసలో రైలెక్కి తెల్లారేసరికి సికింద్రాబాదులో దిగారు. మెడికల్ పొద్దున్నే.

గౌను వేయించి ఎక్సరే తీశారు. రక్తం తీశారు. రెండు చేతులకీ సూదులు పొడిచారు. డాక్టరు కళ్లు, గొంతు, మెడ చూసి, చివరికి కుసుమకుమారి అరచేతులు వెనక్కీ ముందుకీ తిప్పాడు. అరచేతుల్లో, వేళ్ల సందుల్లో పాత నలుపు ఇంకా ఉంది.

"ఇవేమిటి?"

"వంట పనండి. కట్టెల పొయ్యి."

డాక్టరు రాసుకోలేదు. తర్వాతివాళ్లని పిలవమన్నాడు. ఆమె బయటికొచ్చి మంచినీళ్లు తాగింది. అబద్ధం నాలుక మీద మందుబిళ్లలా ఉండిపోయింది. శైలజ లోపలికి వెళ్లి పావుగంటలో వచ్చింది. చున్నీ కొసలో రెండు చేతులూ చుట్టుకుని ఉంది.

"ఏటే?"

"సూది నొప్పి."

మర్నాడు తొమ్మిదిన్నరకి వేలిముద్రలు. ఏసీ హాలు, అద్దాల వెనక కౌంటర్లు. ఏడో కౌంటర్లో ముప్పై ఏళ్ల అమ్మాయి కూర్చుంది. మెడలో కార్డు, కళ్లలో నిద్ర.

"ఎడమచెయ్యి నాలుగు వేళ్లు పెట్టండమ్మా."

కుసుమకుమారి పెట్టింది. పచ్చదీపం. కుడిచెయ్యి, పచ్చదీపం. రెండు బొటనవేళ్లు, పచ్చదీపం. మొత్తం నిమిషం పట్టలేదు. ఇరవై రోజుల నూనె, వేడినీళ్లు, కట్టేసుకున్న చేతులు, అంతా ఆ నిమిషం కోసం. పక్కకి జరిగి కూతురికి చోటిచ్చింది.

"నెక్స్ట్."

శైలజ ఎడమచెయ్యి పెట్టింది. ఎర్రదీపం.

"కొంచెం నొక్కు."

ఎర్రదీపం.

"తుడ్చుకొని పెట్టు. గోరింటాకు ఉన్నది కదా, ఒక్కోసారి పడదు."

కాగితపు గుడ్డతో తుడిచి పెట్టింది. ఎర్రదీపం. కుడిచెయ్యి. ఎర్రదీపం. బొటనవేళ్లు. ఎర్రదీపం అలాగే ఉండిపోయింది.

కుసుమకుమారి కూతురి మణికట్టు పట్టుకుని చెయ్యి తనవైపు తిప్పుకుంది. శైలజ లాక్కోబోయింది. వదల్లేదు. ట్యూబులైటు వెలుగులో గోరింటాకు ఎరుపు కింద ఇంకో రంగు కనపడింది. గోళ్ల మూలల్లో నలుపు. వేళ్ల కొసల్లో చర్మం పొరలుగా లేచి, కింద గులాబీ రంగు మాంసం. చూపుడువేలికి చీలిక, దాని అంచు కాలిన అట్టలా గట్టిగా ఉంది.

ఆ నలుపు గోరింటాకుది కాదు. ప్రపంచంలో ఒక్క వస్తువే ఆ నలుపు ఇస్తుంది.

స్పూను. ఆరున్నర క్లాసు. ట్రేలో విరిగిన బద్దలు. ఇక్కడి గుంటే, మంచి గుంట.

"ఏమైంది వేళ్లకు? ఏమన్న కాలిందా?" అంది కౌంటరమ్మాయి.

"గోరింటాకు పడలేదండి నాకు," అంది శైలజ చప్పున.

అమ్మాయి స్క్రీను వైపు చూసింది. తల్లి గృహిణి, కూతురు విద్యార్థిని. తర్వాత మళ్లీ చెయ్యి వైపు చూసింది. "పడకపోతే నేను ఏం రాయాలె? కారణం రాయాలె కదా."

ఒక దగ్గర ఒకటి, ఒక దగ్గర ఒకటి సెప్తే సంపేస్తారు. అప్ప గొంతు చెవిలోనే ఉంది. ఆగస్టు పద్నాలుగు ఉంది. గోరింటాకనే అబద్ధం చేతికందేంత దూరంలో, శుభ్రంగా ఉంది. కుసుమకుమారి కూతురి చెయ్యి ఇంకా వదల్లేదు. ఆ చర్మం గరుకు ఆమెకి తెలుసు. ఇరవై ఏళ్లు తన చేతికి ఉన్నదే.

"గోరింటాకు కాదమ్మా," అంది. "జీడిపిక్కలు కొట్టింది. అది నా పని. నాను ఇరవై యేళ్లు కొట్టేను. ఏలిముద్రలు పడాలని నాను మానేస్తే, ఇది నా పీట మీద కూకున్నాది. నాకు తెలీదు. ఫారంలో గృహిణి అని మేమే తప్పు రాయించేం. మాదే తప్పు. దీని పేరు మాత్రం తియ్యకండి."

అమ్మాయి కుర్చీ ముందుకి లాక్కుంది. కీబోర్డు మీద ఏదో కొట్టింది. మౌసు రెండుసార్లు నొక్కింది.

"దీనికి పేరెందుకు తీస్తరమ్మా. పనితోని వేళ్లు అరిగినోళ్లు అప్పుడప్పుడు వస్తనే ఉంటరు. వంట మాస్టర్లు, తాపీ మేస్త్రీలు. ఇక్కడ ఒక గడి ఉంటది. పడలేదని రాసి, కారణం రాసి పంపుతం. ముంబయిలో మళ్లోసారి పెట్టిస్తరు, అడుగుతరు. ఉన్నది చెప్పండి. తేదీ ఏం మారదు. ఫారంలో పని మాత్రం దిద్దించుకోండి."

"తేదీ మారదా?"

"మారదు." అమ్మాయి ప్రింటు తీసి ముద్ర వేసింది. "మీవి ఇరవై ఏళ్లన్నరు కదా. మీవి ఫస్టుసారే ఎట్ల పడ్డయి?"

"మానేసేను. ఇరవై రోజులు."

"ఎందుకు? మీకూ ఇదే రాసేటోళ్లం కదా."

* * *

బయట ఎండ. రోడ్డు పక్క వేపచెట్టు కింద టిఫిన్ల బండి, రెండు స్టూళ్లు. కుసుమకుమారి ఒకదాని మీద కూర్చుంది. శైలజ నిలబడే ఉంది, చున్నీలో చేతులు.

"ఎన్నాళ్లు?"

"పదిహేను."

"ఎందుకే?"

"ఇరవై రోజులు దాటితే పీట పోద్ది గదమా. వీసా రాకపోతే ఎక్కడికెల్తావు? నాకు ఏడాది ఉన్నప్పట్నించీ వస్తాది వస్తాది అంటన్నారు. వస్తాదని నాకెప్పుడూ నమ్మకం నేదు." చున్నీ ఇంకాస్త బిగించింది. "కూర్మయ్య పెదనాన్న ముందు ఒప్పుకోనేదు. నాలుగు రోజులు తిరిగేను. గురమ్మత్తని తిట్టకు. నాను ఒట్టేయించుకున్నాను."

కుసుమకుమారి రెండో స్టూలు కూతురి వైపు తోసింది.

"అత్త సెప్పింది," అంది శైలజ, "నువ్వు సెప్పమన్నావంట, గోళ్ల మూలల్లో బూడిద కూరమని. ఆఖరి రోజు అలాగే కూరేను. అంత మంట నేదు."

కుసుమకుమారి ఫోను తీసింది. ముందు ధనరాజ్‌కి చేసింది. "ఫారంలో నా పని దిద్దు బాబూ. జీడిపిక్కల ఫేక్టరీ, ఇరవై యేళ్లు. ఆఁ, ఇప్పుడే. దానిదాంట్లో కూడా రాయి, పదిహేను రోజులు." అతను ఏదో అంటుండగానే పెట్టేసి కూర్మయ్యకి చేసింది. వెనక కట్టర్ల చప్పుడు వినపడింది.

"బావా, ముప్పై ఏడు ఎవరికైనా ఇచ్చెయ్."

"అదేటే? వీసా వచ్చీసిందా?"

"రానేదు. ఇంటర్వ్యూ ఇంకా అవనేదు."

"మరేటి? ఆ గుంట నా కాళ్లు పట్టుకున్నంత పని సేసి నిలబెట్టింది ఆ పీట. రేపు రాకపోతే నువ్వొచ్చి నా మీద ఏడుస్తావు."

"ఏడవను. ఇచ్చెయ్. పాత బూడిద డబ్బా గురమ్మకి ఇయ్యి."

"ఆలోసించుకుని సెప్పు."

"సెప్పేను గదా," అని పెట్టేసింది.

శైలజ తల్లి మొహంలోకి చూసింది. "నిజంగా రాకపోతేనో?"

"రాకపోతే ఇంకేదో పని. ఏళ్లు మిగిలే పని."

బండివాడు రెండు ప్లేట్ల ఇడ్లీ పెట్టాడు. ఒకదాంట్లో కొబ్బరి చట్నీ పక్కన కారప్పొడి, నూనె. శైలజ స్టూలు మీద కూర్చుని, అలవాటైన చేత్తో, స్పూను కోసం బండి మీది డబ్బా వైపు వంగింది.

కుసుమకుమారి ఆ ప్లేటు తన ఒళ్లోకి తీసుకుంది. కారప్పొడి ఓ పక్కకి తోసింది. పొద్దున్న పచ్చదీపం వెలిగించిన వేళ్లతో ఇడ్లీ తుంచి, చట్నీలో ముంచి, కూతురి నోటి దగ్గర పెట్టింది.

"అమా. జనం సూస్తన్నారు."

"సూడనీ," అంది. "నోరు తెరు."